మాజీ సైనికుడికి తోడుగా ఒక కుక్క

దిక్కులేని కుక్కలను చేరదీసి, శిక్షణ ఇచ్చి, సైన్యం నుంచి తిరిగివచ్చినవారికి తోడుగా అప్పగించే పద్ధతి గత పదిహేనేళ్లలో అమెరికాలో బాగా వేళ్లూనుకుంది. 2009లో మొదలైన 'పెట్స్ ఫర్ వెట్స్', 2011లో ఫ్లోరిడాలో మొదలైన 'కే నైన్స్ ఫర్ వారియర్స్' ఇందులో పేరున్న సంస్థలు. ఇద్దరు అభాగ్యులు ఒకరికొకరు ఆసరా అవుతారన్నదే ఈ పని వెనక ఉన్న నమ్మకం.

యుద్ధరంగం చూసినవారిలో కొందరిని పీటీఎస్‌డీ అనే మానసిక రుగ్మత వెంటాడుతుంది. పీడకలలు, నిద్రలేమి, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, జనంలోకి వెళ్లడానికి జంకటం దీని లక్షణాలు. మన దేశంలో జవాన్లు చాలామంది నలభై ఏళ్లకు అటూ ఇటూగానే రిటైరవుతారు. పటాలంలో పక్కనే ఉన్న నేస్తాలు దూరమవుతారు, రోజును నడిపించే క్రమం పోతుంది. రుగ్మత లేనివారినీ ఒంటరితనం కుంగదీస్తుంది.

ఇలా ఇచ్చే కుక్కలు రెండు రకాలు. తోడు కుక్కకు ఇంటి మర్యాద, మాట వినడం వస్తే చాలు. సేవా కుక్కకు ప్రత్యేకమైన పనులు నేర్పుతారు. యజమాని పీడకలతో కలవరిస్తుంటే మూతితో తట్టి లేపుతుంది. ఆందోళన పెరిగితే ఒడిలో తల పెట్టి దృష్టి మళ్లిస్తుంది. రద్దీలో అతని వెనక నిలబడి, మనుషులు మరీ మీదికి రాకుండా ఎడం ఉంచుతుంది.

కుక్కను ఎంచుకోవడంలో జాతి కన్నా స్వభావం ముఖ్యం. పెద్ద శబ్దాలకు బెదరనిది, కొత్తవారిపైకి ఎగబడనిది, మనిషి స్పర్శను ఇష్టపడేది కావాలి. తర్వాత జత కలపాలి. ఇది పెళ్లి సంబంధం కుదిర్చినంత ఓపికగా చేయాల్సిన పని. పెద్దవయసువారికి నెమ్మదైన కుక్క, పరుగుకు వెళ్లే యువకుడికి చురుకైనది నప్పుతాయి. ఇంటి విస్తీర్ణం, కుటుంబసభ్యుల ఇష్టం, తిండి ఖర్చు, వైద్యం ఖర్చు కూడా చూడాలి.

ఫలితాలపై శాస్త్రీయ ఆధారమూ ఉంది. అమెరికా పరిశోధకురాలు మ్యాగీ ఓహేర్ బృందం పీటీఎస్‌డీ ఉన్న 156 మంది సైనికులు, మాజీ సైనికులపై చేసిన అధ్యయనం 2024లో వెలువడింది. వారిలో 81 మందికి సేవా కుక్కలు ఇచ్చారు, 75 మంది వాటికోసం ఎదురుచూస్తున్నవారు. మూడు నెలల తర్వాత, కుక్కలు పొందినవారిలో పీటీఎస్‌డీ లక్షణాలు, ఆందోళన, దిగులు తక్కువగా కనిపించాయి. రెండు వర్గాలవారూ మామూలు వైద్యం మానలేదు. అంటే కుక్క డాక్టరుకు బదులు కాదు, వైద్యానికి అదనపు బలం. వేళకు లేపి, నడిపించి, ఇరుగుపొరుగుతో మాట కలిపించే శక్తి దానికుంది. 2021లో అమెరికా ప్రభుత్వం, సేవా కుక్కలకు శిక్షణ ఇవ్వడాన్నే మాజీ సైనికులకు చికిత్సగా పరీక్షించేందుకు చట్టం చేసింది.

మన దేశంలో సైనికుడికీ కుక్కకూ అనుబంధం కొత్త కాదు. మీరట్‌లోని రిమౌంట్ అండ్ వెటర్నరీ కోర్ కేంద్రం సైన్యానికి కుక్కలను తీర్చిదిద్దుతుంది. రిటైరైన సైనిక కుక్కలను ఇప్పుడు దత్తత ఇస్తున్నారు. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కు కర్మాగారానికి కాపలా ఉండే కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం సీఐఎస్ఎఫ్‌లోనూ డాగ్ స్క్వాడ్‌లు ఉన్నాయి. 2019లో ఢిల్లీ మెట్రోలో సేవలు ముగించిన ఏడు కుక్కలకు ఆ దళం పతకాలతో వీడ్కోలు పలికి, వాటిని సంరక్షణకు అప్పగించింది.

భిలాయ్‌లో తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఖుర్సీపార్ వంటి కార్మిక వాడల్లో ఈ ఆలోచనకు మంచి చోటుంది. ఛత్తీస్‌గఢ్ ఎండలకు విదేశీ జాతుల కన్నా దేశీ కుక్క బాగా తట్టుకుంటుంది, ఇరుకు ఇంట్లోనూ సర్దుకుంటుంది. అయితే కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. వీధి నుంచి తెచ్చిన కుక్కను ముందు పశువైద్యుడికి చూపించాలి. రేబిస్ టీకా వేయించి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి. స్వభావం తెలిసిన శిక్షకుడి చేతిలో కొంతకాలం ఉంచాలి. దీపావళి టపాసుల మోత కుక్కనూ మాజీ సైనికుడినీ కూడా బెదరగొట్టవచ్చు, ఆ రోజుల్లో ఇంటివారు పక్కనే ఉండాలి. పీటీఎస్‌డీ లక్షణాలు ఉన్నవారు మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌లో డాక్టరును కలవాలి.

దేశం కోసం ఊరూ ఇల్లూ వదిలి వెళ్లినవారు తిరిగొచ్చాక ఒంటరిగా మిగిలిపోకూడదు. మాజీ సైనికుల సంఘాలు, జంతు సంరక్షకులు, పశువైద్యులు ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటే, మన ఊళ్లలోనూ ఈ పని మొదలుపెట్టవచ్చు.