నిండు గాలియు, నిప్పురవ్వయు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము నెలకొన్న పీఠభూమి సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల యెత్తున నున్నది. అచటి గాలి సాంద్రత తీరప్రాంతపు గాలికంటె నూటికి ఏడు పాళ్లు తక్కువ. మదనపల్లె నుండి హార్సిలీ కొండ కెక్కితిమా, 1265 మీటర్ల శిఖరముపై ఆ లోటు పండ్రెండు పాళ్ల దాక పోవును. మనకు హాయి గొలుపు ఆ పలుచని గాలియే ఇంజనునకు అరకొర భోజనము. ప్రాణవాయువు చాలనిచోట పెట్రోలెంత పోసినను శక్తి పుట్టదు గదా!

ఈ కొరత తీర్చుటకే గాలిని బలవంతముగ లోనికి నెట్టు సూపర్‌ఛార్జరు పుట్టినది. 1860లో అమెరికాయందు రూట్స్ సోదరులు పేటెంటు పొందిన గాలియంత్రము మొదట కొలుములకు ఊపిరి పోసి, పిమ్మట ఇంజనుల కెక్కినది. 1921లో మెర్సిడెస్ సంస్థ సూపర్‌ఛార్జరు కార్లను బెర్లిన్ ప్రదర్శనయందు నిలిపినది. వృథాగ బయటకు పోవు పొగతోనే చక్రము త్రిప్పి గాలి నొత్తు టర్బోకు స్విట్జర్లాండు వాడగు ఆల్‌ఫ్రెడ్ బ్యూషీ 1905లోనే పేటెంటు పొందెను. 1918లో శాన్‌ఫర్డ్ మాస్ అనునాతడు లిబర్టీ అను విమానపు ఇంజనును 14,000 అడుగులకు మించిన పైక్స్ పీక్ కొండపైకి చేర్చి పరీక్షింపగా, నేలపై 350 అశ్వశక్తి గల యా యంత్రము శిఖరమున 230కి దిగజారి, టర్బో తగిలింపగనే 356 చూపినది.

గాలి నిండినంత మాత్రమున పని తీరలేదు. అసలు చిక్కు నిప్పురవ్వ వేళతో మొదలగును. నిమిషమునకు 3000 చుట్లు తిరుగు క్రాంకు, సెకనులో వెయ్యవవంతునకే 18 డిగ్రీలు కదలును. మంట సిలిండరంతట ప్రాకుటకు అట్టి వంతులు ఇంచుమించు రెండు పట్టును. కావున పిస్టను పైకొస చేరుటకు 30 డిగ్రీల ముందే ప్లగ్గు రవ్వ విసరవలెను. కాని నొక్కబడిన గాలి మిక్కిలి వేడెక్కును. దట్టమైన మిశ్రమము త్వరగ మండును. ఆ వేడికి, మంట యింకను చేరని మూలనున్న మిశ్రమము తనంత తానే భగ్గుమని పిస్టనును సుత్తివలె మోదును. మన మెకానిక్కులు నాకింగు అనునది ఇదియే. దీనిని లక్ష్యపెట్టనివాని పిస్టను అంచులు విరిగి, కరగి పోవును. అందుకే ఒత్తిడి హెచ్చిన ప్రతి పౌనుకు టైమింగును ఒక డిగ్రీ వెనుకకు లాగుట పాత వాడుక. మరీ వెనుకకు లాగినను ముప్పే: మంట ఆలస్యమై వాల్వులను ఎఱ్ఱగ కాల్చును, బలము చచ్చును.

పాతకాలపు మెకానిక్కు డిస్ట్రిబ్యూటరు మరను వదులు చేసి, పుల్లీమీది గీతపై టైమింగు లైటు పడనిచ్చి, కంటికి కనబడీ కనబడని మేర దానిని త్రిప్పి, బండిని ఎత్తునకు ఎక్కించి, ఇంజను గణగణలాడునేమో యని చెవి యొగ్గును. ఆపై ప్లగ్గు విప్పి, తెల్లని పింగాణీపై నల్లని చుక్కలున్నవేమో చూచును. ఆ చెవిని, ఆ కంటిని ఏ ప్రయోగశాల పరికరమునకును తీసికట్టుగ నే నెంచను.

నేడు ఆ పనిని మర త్రిప్పక, చెవి యొగ్గక, నాకింగును పసిగట్టు నాక్ సెన్సరు, దాని మాట విను కంప్యూటరు చేయుచున్నవి. పెనుకొండ చెంతనున్న కియా కర్మాగారమున 2019లో వెలువడిన సెల్టోస్‌నందు, 1.5 లీటర్ల సాధారణ పెట్రోలు ఇంజను 115 అశ్వశక్తిని, 144 న్యూటన్ మీటర్ల టార్కును ఇయ్యగా, 1.4 లీటర్ల టర్బో ఇంజను 140ని, 242ని ఇచ్చినది. చిన్న సిలిండరు పెద్దదానిని మించుటకు గాలి యెంత కారణమో, రవ్వ వేళను క్షణక్షణము సవరించు కంప్యూటరును అంత కారణము.

ఇట్టి కంప్యూటరు లేని బండికి బెల్టుతో నడచు సూపర్‌ఛార్జరు తగిలించుకొన్న యువకులు ఒక్క సంగతి మరువరాదు. అది లోనికి వచ్చిన గాలినే ఒక నిష్పత్తిలో నొక్కును. మదనపల్లె చల్లని వేకువలో, నాకింగు అంచుదాక ముందుకు జరిపిన టైమింగు, పీలేరు మీదుగ తిరుపతి మైదానమునకు దిగినంతనే, బరువైన గాలి, వేసవి యెండ రెండును కూడగా హద్దు దాటును. కావున టైమింగు నిలుపవలసినది తిరుపతి మే నెల మధ్యాహ్నమునకే. కొండపై కొంత బలము తగ్గినను సరే.