గొంతు మూసుకుపోకుండా గాలి: సీప్యాప్ మాస్క్ లోపల ఏముంది?

ఎపిసోడ్‌లోకి వెళ్ళే ముందు ఒక చిన్న పని చేయండి. ఒక పొడుగు గ్లాసు నిండా నీళ్ళు తీసుకోండి. కొబ్బరిబోండం స్ట్రా ఒకటి అందులో 10 సెంటీమీటర్ల లోతుకి ముంచి మెల్లగా ఊదండి. మొదటి బుడగ బయటికి రావడానికి మీ నోట్లో ఎంత ఒత్తిడి పుట్టిందో, దాన్నే డాక్టర్లు 10 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి అంటారు. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిలో ఇది దాదాపు ఒక్క శాతం. అంతే. నిద్రలో ఊపిరి ఆగిపోయే మనిషి గొంతుని రాత్రంతా తెరిచి ఉంచడానికి చాలామందికి ఇంచుమించు ఇంత గాలి సరిపోతుంది. దీనికోసం వాడే సీప్యాప్ మెషీన్లు మామూలుగా 4 నుంచి 20 సెంటీమీటర్ల మధ్య పనిచేస్తాయి.

మరి పిల్లలు స్ట్రాతో పుట్టించగలిగే ఒత్తిడి ఇవ్వడానికి అంత ఖరీదైన మెషీన్ ఎందుకు? కొన్నవాళ్ళలో ఎంతోమంది దాన్ని కొన్నాళ్ళకే బీరువా మీద ఎందుకు పడేస్తారు? నా లెక్క ప్రకారం అసలు తిప్పలు మెషీన్‌లో లేవు, మాస్క్‌లో ఉన్నాయి. ఈరోజు టాపిక్ అదే.

ముందు జబ్బు గురించి రెండు ముక్కలు. నిద్రపోతే ఒంట్లో కండరాలు వదులవుతాయి. కొంతమందికి నాలుక వెనక భాగం, కొండనాలుక చుట్టూ ఉన్న మెత్తటి కండ వెనక్కి జారి గాలి దారిని మూసేస్తాయి. 10 సెకన్లు, అంతకంటే ఎక్కువ ఊపిరి ఆగితే దాన్ని యాప్నియా అంటారు. పూర్తిగా ఆగినవి, బాగా తగ్గినవి కలిపి గంటకి ఎన్ని అని లెక్కేస్తారు. రిపోర్టులో ఏహెచ్ఐ అని ఉండేది ఆ నంబరే. 5 దాటితే సమస్య మొదలైనట్టు, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. గంటకి 30 అంటే ప్రతి రెండు నిమిషాలకి ఒకసారి ఎవరో మీ గొంతు నొక్కి వదిలినట్టు అన్నమాట. ప్రతిసారీ మెదడు కొంచెం మేల్కొని ఊపిరి లాగుతుంది, పొద్దున లేచాక మీకేమీ గుర్తుండదు. బీపీ పెరుగుతుంది, పగలంతా కునికిపాట్లు. సింహాసనం, గ్యాంగ్ లీడర్ సినిమాలకి పాటలిచ్చిన బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో చనిపోయినప్పుడు ఆయన డాక్టర్లు చెప్పిన కారణం కూడా ఇదే జబ్బు.

మా మేనమామ లారీ డ్రైవర్. మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం లోడు తీసుకెళ్తాడు. "నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కినంక కండ్లు వాటంతట అవే మూతపడుతున్నయ్ అల్లుడా" అని రెండేళ్ళ క్రితం ఆయనే చెప్పిండు. ఇంట్లో అందరూ ఆయన గురక మీద జోకులు వేసేవాళ్ళు, మా అత్త ఒక్కతే నవ్వేది కాదు. "గురక పెడితే నాకేం బాధలేదు బిడ్డా, అది ఆగితేనే భయమైతది" అనేది. డాక్టర్ అడగాల్సిన ప్రశ్నకి ఆమె ముందే జవాబు చెప్పేసింది. స్లీప్ స్టడీ చేయిస్తే ఏహెచ్ఐ 40 దాటింది. ఇరవై టన్నుల లోడు నడిపే మనిషికి ఆ నంబర్ అంటే ఏంటో మీరే ఊహించుకోండి.

మెషీన్ ఇంటికి రాగానే మామ మొదటి ప్రశ్న: "ఏందిరా, నాకు ఆక్సిజన్ పెడుతున్రా?" కాదు. అందులో వచ్చేది మన రూములో ఉన్న గాలే. ఊపిరి మీ బదులు మెషీన్ తీసుకోదు కూడా, మీరే తీసుకోవాలి. గాలి లేని సైకిల్ ట్యూబ్‌ని వేలితో నొక్కితే లోపలి గోడలు అతుక్కుంటాయి కదా, కొంచెం గాలి కొడితే గుండ్రంగా నిలబడుతుంది. గొంతు విషయంలో సీప్యాప్ చేసేది అంతే.

ఈ ఐడియా ఆస్ట్రేలియాలో పుట్టింది. 1980లో సిడ్నీలో కాలిన్ సల్లివాన్ అనే డాక్టర్ వాక్యూమ్ క్లీనర్ మోటార్‌ని పీల్చడానికి బదులు ఊదేలా వాడి మొదటి పేషెంట్‌కి పెట్టాడు. అప్పటిదాకా జబ్బు ముదిరినవాళ్ళకి ఉన్న గట్టి దారి, మెడ దగ్గర గొంతుకి రంధ్రం చేయడమే. 1981లో అయిదుగురు పేషెంట్ల ఫలితాలని లాన్సెట్ పత్రికలో వేశారు. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి మోటార్ కాదు. ఆ మొదటి రోజుల్లో ఒక్కొక్కరి ముక్కుకి అచ్చు తీసి మాస్క్ చేసి, ప్రతి రాత్రీ సిలికాన్‌తో ముఖానికి అతికించేవాళ్ళు, పొద్దున పీకేవాళ్ళు! గాలి ఊదడం మొదటి రాత్రే కుదిరింది. ఆ గాలి పక్కకి పోకుండా ఆపే పని మాత్రం నలభై ఏళ్ళు దాటినా ఇంకా నడుస్తూనే ఉంది.

ఇప్పటి మెషీన్ విప్పితే లోపల చిన్న ఫ్యాన్, నిమిషానికి వేల చుట్లు తిరిగే బ్రష్‌లెస్ మోటార్, ఒత్తిడి కొలిచే సెన్సర్, గాలి ప్రవాహం కొలిచే సెన్సర్, ఒక చిన్న బోర్డు ఉంటాయి. సాఫ్ట్‌వేర్ జాబ్ చేసినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. సర్వర్ మీద లోడ్ పెరిగితే ఆటోమేటిక్‌గా స్కేల్ అవ్వాలి, తగ్గితే తగ్గాలి. ఇక్కడ లోడ్ అంటే మీ ఊపిరి. మీరు గాలి లాగగానే మాస్క్‌లో ఒత్తిడి పడిపోతుంది, ఫ్యాన్ వెంటనే స్పీడ్ పెంచాలి. వదలగానే తగ్గాలి. ఇది కొంచెం లేటైనా ఉక్కిరిబిక్కిరి అయినట్టు ఉంటుంది. ఆటో మోడల్స్ ఇంకో అడుగు ముందుకేస్తాయి. గొంతు బాగా తెరిచి ఉంటే లోపలికి వెళ్ళే గాలి గ్రాఫ్ మన భువనగిరి గుట్టలా పైన గుండ్రంగా వస్తుంది. గొంతు ఇరుకవుతుంటే ఆ గుట్ట పైభాగం బల్లలా చదునైపోతుంది. గురక పూర్తిగా మొదలవకముందే సాఫ్ట్‌వేర్ ఈ చదునుని పట్టుకుని ఒత్తిడి పెంచుతుంది. కోడ్ రాసేవాడిగా నాకు దీన్ని చూస్తే ముచ్చటేస్తుంది.

అయితే ఇదంతా మాస్క్ సరిగ్గా కూర్చుంటేనే.

ఒక లెక్క చూద్దాం. 10 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి అంటే ఒక్కో చదరపు సెంటీమీటర్ మీద 10 గ్రాముల బరువు. ముక్కు, నోరు రెండూ కప్పే ఫుల్ ఫేస్ మాస్క్ 50 చదరపు సెంటీమీటర్లు ఉందనుకుంటే, గాలి దాన్ని ముఖం నుంచి అర కిలో బరువుతో అవతలికి తోస్తుంది. అంటే ఒక అర లీటర్ వాటర్ బాటిల్. బెల్టులు రాత్రంతా దానికి ఎదురు లాగాలి. అదే ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే పిల్లో మాస్క్ 5 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే 50 గ్రాములే. అందుకే చిన్న మాస్క్‌కి సన్నటి బెల్టు చాలు, పెద్దదానికి తల చుట్టూ సాలెగూడు కావాలి. కానీ నోరు తెరిచి పడుకునేవాళ్ళకి చిన్న మాస్క్‌తో గాలంతా నోట్లోంచి పోతుంది. వాళ్ళకి పెద్దదే దిక్కు, లేదంటే నోరు ఎందుకు తెరుచుకుంటోందో చూడాలి. ముక్కు దిబ్బడ అయితే ముందు దానికి వైద్యం చేయించాలి.

ఇంకో కిటుకు మాస్క్ అంచులో ఉంది. అక్కడ చాలా పలచని సిలికాన్ రెక్క లోపలికి మడిచి ఉంటుంది. లోపలి గాలి ఆ రెక్కని చర్మానికేసి నొక్కుతుంది, అంటే గాలే తన దారి తను మూసుకుంటుంది. మూతని లోపలి నుంచి పెట్టే కుక్కర్ చూశారు కదా? ఆవిరి పెరిగే కొద్దీ మూత ఇంకా బిగుస్తుంది, ఇదీ అదే సూత్రం. ఇది తెలియక మనవాళ్ళు ఏం చేస్తారంటే, గాలి లీకైతే బెల్టు బిగిస్తారు. బిగిస్తే ఆ రెక్క నలిగిపోతుంది, గాలి నిండడానికి చోటుండదు, లీకు ఎక్కువవుతుంది. ఇంకా బిగిస్తారు. మామ వారం రోజుల్లో ముక్కు దూలం మీద పుండు చేసుకుని "ఈ పీడ నాకొద్దు" అని పక్కన పెట్టిండు. తర్వాత మెషీన్ ఆన్ చేసి, మంచం మీద ఆయన్ని పడుకోబెట్టి, బెల్టులు మొత్తం వదులు చేసి, మాస్క్‌ని ఒకసారి ముందుకి లాగి వదిలి, లీకు ఆగేంతవరకే కొంచెం కొంచెం బిగించాం. కూర్చుని సెట్ చేస్తే పనికిరాదు, పడుకుంటే బుగ్గల ఆకారమే మారిపోతుంది. అయినా మీసం దగ్గర లీకు ఆగలేదు. మీసం తీయమంటే ఒప్పుకునే మనిషి కాదు, పిల్లో మాస్క్‌కి మార్చాక దారికొచ్చింది.

మాస్క్ డిజైన్ చేసేవాళ్ళ గురించి నాకున్న కోపం ఇక్కడే. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకి ముక్కుపుడక ఉంటుంది, సరిగ్గా సిలికాన్ ఆనే చోట. పడుకునే ముందు తలకి కొబ్బరినూనె రాస్తారు, నుదుటి మీదకి దిగిన జిడ్డుకి మాస్క్ జారుతుంది. దుప్పటి తలదాకా కప్పుకుని పడుకునే అలవాటు. ఈ సంగతులు ఏ యూజర్ మాన్యువల్‌లో ఉంటాయి చెప్పండి?

దుప్పటి మాట ఎందుకు తెచ్చానంటే, మాస్క్ మీద సన్నటి రంధ్రాలు ఉంటాయి. అవి లీకు కాదు, కావాలని పెట్టినవి. పైపు ఒక్కటే కాబట్టి మీరు వదిలిన కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవడానికి అదే దారి. మెషీన్ ఊదే గాలే దాన్ని ఆ రంధ్రాల్లోంచి తోసేస్తుంది, కనీస ఒత్తిడి 4 దగ్గర పెట్టడానికి ఇదొక కారణం. సౌండ్ వస్తోందని వాటికి టేపు అంటించొద్దు, దుప్పటితో మూయొద్దు.

కరెంటు పోతే? గాలివాన వస్తే మన ఊళ్ళల్లో తప్పని ప్రశ్న. ముక్కు మాస్క్ అయితే నోరు తెరిచి ఊపిరి తీసుకోవచ్చు. ఫుల్ ఫేస్ మాస్క్‌లో దీనికోసమే ఒక చిన్న రబ్బరు తలుపు ఉంటుంది. గాలి వస్తున్నంతసేపు మూసి ఉంటుంది, ఆగగానే తెరుచుకుని బయటి గాలి లోపలికి వస్తుంది. కడిగేటప్పుడు అది విరగలేదని, ఇరుక్కుపోలేదని చూసుకోండి. ఇన్వర్టర్ ఉన్నవాళ్ళకి ఒక చిట్కా: ఎక్కువ కరెంటు తినేది ఫ్యాన్ కాదు, నీళ్ళు వేడి చేసే హీటర్. దాన్ని ఆపితే బ్యాటరీ చాలాసేపు వస్తుంది. లారీలో బ్యాటరీ 24 వోల్టులు, కారులో 12. వైర్లు నేరుగా కలపకుండా ఆ మోడల్‌కి కంపెనీ ఇచ్చే కన్వర్టర్ వాడాలి. మామ ఇప్పుడు క్యాబిన్‌లో అలాగే వాడుతున్నాడు.

నీళ్ళ సంగతి నల్గొండవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. బోరు నీళ్ళు మెషీన్ తొట్టిలో పోస్తే కొన్నాళ్ళకి అడుగున తెల్లగా గార పడుతుంది. డిస్టిల్డ్ వాటర్ పోయండి, రోజూ మార్చండి. ఎయిర్ కూలర్ నడిచే గదిలో గాలి ఎలాగూ తేమగా ఉంటుంది కాబట్టి హీటర్ అవసరం తక్కువ. ఏసీ గదిలో మాత్రం పైపు చల్లబడి లోపల నీటి చుక్కలు చేరి ముక్కులోకి వస్తాయి, పైపుకి గుడ్డ తొడుగు వేస్తే తగ్గుతుంది.

వేడి, తేమ అంటే ఇంకోటి గుర్తొచ్చింది. 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ లక్షల మెషీన్లని వెనక్కి పిలిచింది. సౌండ్ తగ్గించడానికి లోపల పెట్టిన పాలియురెథేన్ స్పాంజ్ పొడిపొడిగా రాలి గాలిలో కలిసే ప్రమాదం ఉందని తేలింది. వేడి, తేమ ఎక్కువున్న చోట, ఓజోన్‌తో క్లీన్ చేస్తే అది ఇంకా ముదరొచ్చని కంపెనీయే చెప్పింది. ఎండాకాలం 44 డిగ్రీలు చూసే మన జిల్లాకి ఇది దూరపు వార్త కాదు. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్ళు మోడల్, సీరియల్ నంబర్ ఆ లిస్టులో ఉందేమో చూడకుండా పైసలు కట్టొద్దు.

ఇలాంటివి ఇక్కడ తయారు చేయలేమా అంటే, గాలి ఊదే పరికరాల వరకు మనకి చేతనవుతుంది. 2020లో కోవిడ్ టైంలో సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌లో ఎయిరోబయోసిస్ అనే స్టార్టప్ జీవన్ లైట్ అని తక్కువ ఖర్చు వెంటిలేటర్ చేసింది. బ్యాటరీ మీద నడుస్తుంది, మొబైల్ యాప్‌తో కంట్రోల్ చేయొచ్చు. వెంటిలేటర్ సీప్యాప్ కంటే కష్టమైన పని. ఇక మిగిలింది మాస్క్. దానికి ఐఐటీ ల్యాబ్ కంటే ముందు మన ముఖాల కొలతలు కావాలి: ముక్కు దూలం ఎత్తు, ముక్కు వెడల్పు, పెదవి నుంచి గడ్డం దాకా దూరం, మీసంతో, ముక్కుపుడకతో. మెకానికల్, బయోమెడికల్ చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి టాపిక్ వెతుకుతుంటే ఇదిగో. ఫోన్ కెమెరా, ఒక స్కేలు, అడిగి ఒప్పించిన వంద మంది చాలు మొదలుపెట్టడానికి.

మీ ఇంట్లో గురక మధ్యలో ఆగి, మళ్ళీ ఒక్కసారిగా ఎగశ్వాసతో మొదలయ్యేవాళ్ళు ఉంటే ఒక రాత్రి ఫోన్‌లో వీడియో తీసి డాక్టర్‌కి చూపించండి. అన్‌లైన్‌లో మెషీన్ ఆర్డర్ పెట్టేది స్లీప్ స్టడీ తర్వాతే, ఎంత ఒత్తిడి అనేది డాక్టర్ రాయాలి. మాస్క్ మాత్రం షాపులో కనీసం మూడు రకాలు పెట్టించుకుని, పడుకుని చూశాకే తీసుకోండి. పడుకోనివ్వకపోతే ఇంకో షాపుకి వెళ్ళండి.

వచ్చే ఎపిసోడ్‌లో స్లీప్ స్టడీ రిపోర్ట్ ఎలా చదవాలో చూద్దాం. రిపోర్ట్ ఉన్నవాళ్ళు దగ్గర పెట్టుకోండి. ఉంటా మరి.