‘రెండు రూపాయలే’ అనుకుంటే ముంచేస్తుంది
పాత అప్పు తగ్గాలంటే ముందు వడ్డీ లెక్క తెలియాలి

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో అప్పు సంగతి అడిగితే రైతు చెప్పే మాట ఒకటే: “వడ్డీ రెండు రూపాయలేనండీ.” వినడానికి చిన్నదే. కానీ అది నూటికి నెలకు రెండు రూపాయలు. ఏడాదికి 24 అవుతుంది. మూడు రూపాయలైతే 36. వాన నమ్ముకున్న ఈ మెట్ట నేలల్లో ఏటా నూటికి 36 మిగిల్చే పైరేదో మీరే చెప్పండి. వాన మన చేతిలో లేదు. వడ్డీ మాత్రం కొంత మన చేతిలోనే ఉంది.

లెక్క ఇదీ

పత్తి పెట్టుబడికి 50 వేలు తెచ్చి పది నెలలకు తీర్చారనుకుందాం. రెండు రూపాయల వడ్డీ అయితే 10 వేలు కట్టాలి. అదే బ్యాంకు పంట రుణమై, గడువులోపు కడితే 4 శాతం లెక్కన సుమారు 1,670 రూపాయలే. తేడా 8 వేల పైమాటే.

ఇక నోటు తిరగరాయడం. ఏటా వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాస్తూ పోతే 50 వేలు మూడేళ్లకు 95 వేలు దాటుతుంది. కాబట్టి పంట డబ్బు రాగానే కనీసం వడ్డీ అయినా కట్టండి. కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించుకోండి. నోటి మాట మీద వదిలేయొద్దు. అప్పు తీరాక నోటు వెనక్కి తీసుకోండి.

కనపడని వడ్డీ

అరువుకు తెచ్చిన ఎరువుకూ వడ్డీ ఉంటుంది. వెయ్యి రూపాయల సరుకు అరువు కింద 1,100 రాసి, అయిదు నెలలకు తీసుకుంటే అదీ రెండు రూపాయల వడ్డీయే. అప్పిచ్చిన వ్యాపారికే కందులు అమ్మితే క్వింటాలుకు మూడు వందలు తగ్గించాడనుకోండి, పది క్వింటాళ్లకు 3 వేలు పోయినట్టు. తూకంలో తరుగు వేరే. ఇవన్నీ కలిపితేగాని అసలు వడ్డీ ఎంతో తేలదు.

బ్యాంకులో ఏం అడగాలి?

కిసాన్ క్రెడిట్ కార్డు 1998లో వచ్చింది. 3 లక్షల వరకు పంట రుణంపై వడ్డీ 7 శాతం. గడువులోపు కడితే 3 శాతం రాయితీ పోను 4 శాతమే పడుతుంది. 2025 జనవరి నుంచి 2 లక్షల వరకు తనఖా అక్కర్లేదు. గడువు ఒక్కరోజు దాటినా ఆ 3 శాతం పోయినట్టే. అందుకే గడువు తేదీ గోడ మీద రాసిపెట్టుకోండి. చేబదులు తెచ్చి కట్టి, రుణం తిరిగి తీసుకునేవాళ్లు మధ్యవర్తికిచ్చే కమీషన్‌ను కూడా వడ్డీ కిందే లెక్కేసుకోవాలి.

కౌలు రైతులు సాగుదారు పత్రం కోసం రైతు సేవా కేంద్రంలో అడగాలి. ఇంట్లో ఆడవాళ్లు పొదుపు సంఘంలో ఉంటే, సంఘానికి 3 లక్షల వరకు బ్యాంకు రుణం 7 శాతానికే వస్తుంది. మన వాటాగా వచ్చిన డబ్బుతో ముందు మూడు రూపాయల నోటు తీర్చండి, తర్వాత రెండు రూపాయలది. పెళ్లికీ పబ్బానికీ వాడితే పాత అప్పు అలాగే ఉంటుంది, కొత్తది తోడవుతుంది.

ధర లేనప్పుడు కళ్లంలోనే అమ్మేయొద్దు. కిసాన్ కార్డున్న చిన్న, సన్నకారు రైతులకు గుర్తింపు పొందిన గిడ్డంగి రసీదు మీద ఆరు నెలల వరకు 7 శాతానికే రుణం తీసుకునే వీలుంది.

ఖర్చులో మిగులు

కందిలో హైబ్రిడ్ కాని రకాలకు ఏటా విత్తనం కొననక్కర్లేదు. ఏపుగా ఉన్న చేనులో కల్తీ మొక్కలు ఏరేసి, బాగా ఎండబెట్టి దాచుకోవచ్చు. పత్తి హైబ్రిడ్‌కు ఇది పనికిరాదు. భూసార పరీక్ష చేయించాకే డీఏపీ కొనండి.

బోరు సంగతి మరీ జాగ్రత్త. ఒకటి ఎండిందని ఇంకోటి, అదీ పడలేదని మూడోది.. ఇదంతా వడ్డీ డబ్బుతో వేస్తే చేను అమ్మినా తీరదు. పక్క రైతు బోరులో నీరుంటే వాటా మాట్లాడుకోవడం మేలు.

ఈ రాత్రే పిల్లల పాత నోటుబుక్కు తీయండి. ఎవరికి, ఎంత, నెలకు వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు.. నాలుగు గళ్లు గీసి రాయండి. ఇంట్లో ఆడవాళ్లను కూడా కూర్చోబెట్టుకోండి. ఏ అప్పు ఎక్కువ తింటోందో అప్పుడు మీకే తెలుస్తుంది. పంట డబ్బు చేతికి రాగానే మొదట దాని పని పట్టండి.