ఎవరితో కలుస్తారో ఓటరుకు ముందే చెప్పాలి
2017 సెప్టెంబరులో న్యూజిలాండ్ ఓటర్లు తీర్పిచ్చినా, ప్రభుత్వం ఎవరిదో తేలడానికి దాదాపు నాలుగు వారాలు పట్టింది. 120 స్థానాల పార్లమెంటులో నేషనల్ పార్టీకి 56, లేబర్‌కు 46, గ్రీన్స్‌కు 8 వచ్చాయి. 9 స్థానాలున్న న్యూజిలాండ్ ఫస్ట్ నాయకుడు విన్‌స్టన్ పీటర్స్ ఎటు మొగ్గితే అటే అధికారం. ఆయన లేబర్‌ను ఎంచుకున్నారు. జసిండా ఆర్డెర్న్ ప్రధాని అయ్యారు. అతిపెద్ద పార్టీని పక్కనపెట్టడం అన్యాయమన్న విమర్శను నేను ఒప్పుకోను. నేషనల్‌కు వచ్చిన 44 శాతం ఓట్లు మెజారిటీ కావు, లేబర్, న్యూజిలాండ్ ఫస్ట్, గ్రీన్స్ కలిపి 63 మంది సభ్యుల మద్దతు మెజారిటీ. అసలు లోపం వేరు. ఎవరితో కలుస్తారో పీటర్స్ ఎన్నికలకు ముందు చెప్పలేదు. ఆయన ఓటర్లలో నేషనల్‌ను కోరుకున్నవారూ ఉన్నారు, లేబర్‌ను కోరుకున్నవారూ ఉన్నారు. ఎవరో ఒకరు మోసపోయామనుకోక తప్పదు.

ముందే చెబితే బేరమాడే బలం తగ్గుతుందని చిన్న పార్టీలు వాదిస్తాయి. నిజమే, కొంత తగ్గుతుంది. కానీ ఆ బలం ఇచ్చింది ఓటరే. దాన్ని ఎటు వాడతారో తెలుసుకునే హక్కు అతనిది. 2020లో న్యూజిలాండ్ ఫస్ట్ 2.6 శాతం ఓట్లకు పడిపోయి సభకే దూరమైంది. కోవిడ్ కాలంలో వీచిన లేబర్ గాలి కూడా అందుకు కారణం కాబట్టి, నెపమంతా పొత్తు మీదే వేయలేం. 2023లో మాత్రం లేబర్‌తో కలవనని పీటర్స్ పోలింగుకు ముందే ప్రకటించారు. 8 స్థానాలతో తిరిగొచ్చి నేషనల్, యాక్ట్ పార్టీలతో ప్రభుత్వంలో చేరారు. ఈసారి ఆయనకు ఓటేసినవారికి తమ ఓటు ఎటు పోతుందో తెలుసు.