మీ ఫోన్ చిప్ వెనక సెకనుకి 6,000 హై వోల్టేజ్ పల్సులు: ఆ సర్క్యూట్ కాలిపోకుండా ఎలా నిలబడుతుంది?

ఫోన్ రివ్యూల్లో 3 నానోమీటర్, 4 నానోమీటర్ అని చిప్ గురించి తెగ మాట్లాడుకుంటాం. ఆ చిప్ మీద గీతలు గీసే లైట్ ఎక్కడి నుంచి వస్తుందో మాత్రం పట్టించుకోం. లేటెస్ట్ ప్రాసెసర్లలో బాగా సన్నటి లేయర్లకి ఈయూవీ వాడతారు. మిగతా చాలా లేయర్లకి ఇప్పటికీ 193 నానోమీటర్ల ఆర్గాన్ ఫ్లోరైడ్ లేజరే దిక్కు.

ఈ లేజర్ బల్బులా ఆగకుండా వెలగదు. గ్యాస్ చాంబర్‌లో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య దాదాపు 20 వేల వోల్టుల స్థాయి పల్స్ కొడితే ఒక్క మెరుపు వస్తుంది. హై ఎండ్ మెషీన్లలో సెకనుకి 6,000 సార్లు ఇదే పని. ఆపకుండా నడిపితే రెండు రోజుల్లోపే 100 కోట్ల పల్సులు! నేను రాసే కోడ్‌లో రిక్వెస్ట్ ఫెయిలైతే మళ్లీ పంపిస్తాం, అయిపోతుంది. ఇక్కడ పల్స్ తప్పితే వేఫర్ మీద లైట్ డోసు లెక్క తప్పుతుంది. లేజర్ ఆగితే ఆ స్కానర్ మొత్తం ఆగినట్టే.

పాత పద్ధతితో ఇబ్బంది ఏంటి?

మొదట్లో థైరాట్రాన్ అనే గ్యాస్ ట్యూబ్‌ని స్విచ్‌గా వాడేవారు. పవర్‌ఫుల్లే, కానీ వాడేకొద్దీ అరిగిపోతుంది. అందుకే 1990ల నుంచి సైమర్ లాంటి కంపెనీలు (2013 నుంచి ఇది ఏఎస్ఎంఎల్ సొంతం) సాలిడ్ స్టేట్ స్విచ్‌లకి మారాయి.

స్విచ్‌కి తేలిక పని, కోర్‌కి కష్టమైన పని

సెమీకండక్టర్ స్విచ్ అంత వోల్టేజీని, అంత స్పీడ్‌ని ఒక్కటే తట్టుకోలేదు. కాబట్టి దానితో తక్కువ వోల్టేజీలో, నిదానమైన పల్స్ మాత్రమే పుట్టిస్తారు. తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ పెంచుతుంది. ఆపైన మ్యాగ్నెటిక్ కోర్‌లు పల్స్‌ని కుదిస్తాయి. కోర్ సాచురేట్ అయ్యేదాకా కరెంట్‌ని ఆపుతుంది, అయ్యాక గండి పడ్డ చెరువులా ఒక్కసారిగా వదిలేస్తుంది.

ఉదాహరణకి 3 జౌల్స్ ఎనర్జీని 5 మైక్రోసెకన్లలో వదిలితే 6 లక్షల వాట్లు. నష్టాలు పక్కన పెడితే, అదే ఎనర్జీని 100 నానోసెకన్లలోకి కుదిస్తే 3 కోట్ల వాట్లు. కోర్‌లో కదిలే భాగాలు లేవు, అరిగే గ్యాస్ లేదు. వేడిని సరిగ్గా బయటికి పంపితే చాలాకాలం పనిచేస్తుంది.

వరసగా పేర్చినా లెక్కుంది

ఇంకో దారి, చిన్న స్విచ్‌లని సిరీస్‌లో పెట్టడం. 20 వేల వోల్టులకి 1,200 వోల్టుల స్విచ్‌లు కాగితం మీద 17 చాలు. కానీ ఒక్కోదాన్ని 60 శాతం దగ్గరే వాడాలనుకుంటే 28 కావాలి. అన్నీ ఒకేసారి ఆఫ్ అవ్వాలి కూడా. ఏ ఒక్కటి ముందే ఆఫ్ అయినా మిగతా వాటి భారం దాని నెత్తిన పడి కాలిపోతుంది. అందుకే వోల్టేజీ పంచే రెసిస్టర్లు, స్నబ్బర్లు, గేట్ సిగ్నల్‌కి ఫైబర్ ఆప్టిక్ లింకులు వాడతారు.

లోడ్‌ని నమ్మకూడదు

నాకు బాగా నచ్చిన పాయింట్ ఇదే. చాంబర్‌లోని గ్యాస్ పంపిన ఎనర్జీ అంతా తీసుకోదు, కొంత వెనక్కి కొడుతుంది. వదిలేస్తే అది అటూ ఇటూ ఊగుతూ ఎలక్ట్రోడ్లని తినేస్తుంది. మంచి డిజైన్‌లో దాన్ని వెనక్కి తెచ్చి మొదటి కెపాసిటర్‌లో దాచి, తర్వాతి పల్స్‌కి వాడతారు. కరెంట్ కూడా కొంత మిగులుతుంది.

మొత్తం మీద నాకు అర్థమైంది ఇది: రిలయబిలిటీ అంటే ఖరీదైన స్విచ్ కొనడం కాదు, ఉన్న స్విచ్‌ని లిమిట్ దాకా పోనివ్వకపోవడం.

చివరగా ఒక మాట. దోమల బ్యాట్‌లోనూ హై వోల్టేజ్ కెపాసిటర్ ఉంటుంది. స్విచ్ ఆపిన వెంటనే ఛార్జ్ పోయిందనుకుని విప్పి లోపల చెయ్యి పెట్టకండి.