‘ఫాల్స్’ అని రాసినా డీబగ్ ఆఫ్ కాదేం?

రెండు అర్రేలు కలపడం ఒక్క లైన్ పనే. రోజూ పీహెచ్‌పీలో కోడ్ రాస్తుంటాను కాబట్టి చెబుతున్నా... ఆ ఒక్క లైనే ఒక్కోసారి సైట్ తలుపులు బార్లా తెరిచేస్తుంది.

చాలా ప్రాజెక్టుల్లో సెట్టింగ్స్ రెండు ఉంటాయి. ఒకటి డీఫాల్ట్, ఇంకోటి అసలు సర్వర్‌ది. ఇవి పోపుల పెట్టెలాంటివి. పెద్ద పెట్టె, అందులో చిన్న గిన్నెలు. కొత్త ఆవాలు తెస్తే ఆ గిన్నెలో పాతవి తీసి ఇవి పోస్తాం. మిగతా గిన్నెల జోలికి పోం. గిన్నెలో మళ్లీ గిన్నెలుంటే? అక్కడా అదే పని. ఇలా ఫంక్షన్ తనను తానే పిలుచుకుంటూ లోపలికి దిగడమే రికర్షన్.

మామూలు అర్రే మెర్జ్ లోపలికి దిగదు. డేటాబేస్ సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్ ఒక్కటే మార్చినా, డీఫాల్ట్‌లోని పోర్ట్, యూజర్‌నేమ్ ఎగిరిపోతాయి.

అందుకే చాలామంది అర్రే మెర్జ్ రికర్సివ్ వాడేస్తారు. చిక్కంతా అక్కడే! డీఫాల్ట్‌లో డీబగ్ ‘ట్రూ’, సర్వర్‌లో ‘ఫాల్స్’ అనుకోండి. కొత్త విలువ పాతదాన్ని తీసేయదు. రెండూ కలిసి ఒక అర్రే అవుతాయి. ఖాళీ కాని అర్రే పీహెచ్‌పీకి ట్రూ కిందే లెక్క. ‘ఇఫ్’ పెట్టి చూస్తే డీబగ్ ఆన్‌లోనే ఉంటుంది. ఏదైనా ఎర్రర్ వస్తే మీ ఫైళ్ల వివరాలు, ఒక్కోసారి పాస్‌వర్డ్‌లూ చూసేవాళ్ల స్క్రీన్ మీద పడొచ్చు. కలిపేటప్పుడు మాత్రం చిన్న వార్నింగ్ కూడా రాదు.

2009లో పీహెచ్‌పీ 5.3తో వచ్చిన అర్రే రీప్లేస్ రికర్సివ్ ఈ సమస్య తీరుస్తుంది. కానీ లిస్టుల దగ్గర ఇంకో మెలిక. డీఫాల్ట్‌లో ముగ్గురు అడ్మిన్లుండగా సర్వర్‌లో ఒక్క పేరే ఇస్తే మొదటి పేరే మారుతుంది. మిగతా ఇద్దరూ అడ్మిన్లుగానే ఉండిపోతారు!

నేను వాడేది పది లైన్ల సొంత ఫంక్షన్. రెండువైపులా పేర్లున్న అర్రేలైతే లోపలికి దిగాలి. లిస్ట్ అయితే కొత్తది మొత్తంగా పెట్టాలి. విడి విలువైతే సర్వర్‌దే చెల్లాలి. ఏది లిస్టో చెప్పడానికి పీహెచ్‌పీ 8.1 నుంచి అర్రే ఈజ్ లిస్ట్ ఉంది.

మీ ప్రాజెక్టులో ఏది వాడుతున్నారో ఇవాళే చూడండి. డీబగ్, అడ్మిన్ల లిస్ట్... ఈ రెండిటినీ కలిపి ఒక్కసారి వార్ డంప్ కొడితే నిజం తెలిసిపోతుంది.