మంచు సీమలో మానవ జీవనం

భారతదేశపు ఉత్తర సరిహద్దున, హిమాచల్ ప్రదేశ్ రాష్ట్రంలో లాహౌల్-స్పితి అనే జిల్లా ఉంది. దీనికి ఉత్తరాన లడఖ్, తూర్పున టిబెట్ ఉన్నాయి. 1960లో నాటి పంజాబు రాష్ట్రంలో జిల్లాగా ఏర్పడిన ఈ ప్రాంతం 1966లో హిమాచల్ ప్రదేశ్‌లో చేరింది. వైశాల్యం సుమారు 13,800 చదరపు కిలోమీటర్లు. జనాభా 2011 లెక్కల ప్రకారం 31,564 మాత్రమే. అంటే చదరపు కిలోమీటరుకు రమారమి ఇద్దరు. ఇంత విశాలమైన సీమలో ఇంత కొద్దిమందే ఎందుకున్నారు? ఆ కొద్దిమందైనా ఎలా జీవిస్తున్నారు? ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం ఒక్కటే: మంచు.

లాహౌల్, స్పితి రెండు వేర్వేరు లోయలు. వాటి నడుమ 4,551 మీటర్ల ఎత్తున కుంజుమ్ కనుమ ఉంది. బారాలాచా కనుమ ప్రాంతంలో పుట్టిన చంద్ర, భాగ నదులు లాహౌల్‌లోని తాండి వద్ద సంగమించి చంద్రభాగ అవుతాయి. ఋగ్వేదం అసిక్ని అని పేర్కొన్న చీనాబ్ నది ఇదే. స్పితి నది కిన్నౌర్ జిల్లాలో సట్లెజ్‌తో కలుస్తుంది. దక్షిణాన ఉన్న ఎత్తైన పర్వతశ్రేణులు ఋతుపవన మేఘాలను అడ్డగించడం వల్ల ఇక్కడ వర్షపాతం స్వల్పం. అందుకే స్పితిని శీతల ఎడారి అంటారు.

వాన లేనిచోట పైరుకు నీరిచ్చేది కరిగే మంచే. హిమానీనదాల నుండి కొండవాలు వెంట రైతులు కాలువలు తవ్వి నీటిని పొలాలకు తెచ్చుకుంటారు. వీటిని కూల్ అంటారు. ఊరివారు వంతుల ప్రకారం ఆ నీటిని పంచుకుంటారు. వేసవిలోని కొద్ది నెలలలోనే బార్లీ, బఠానీ, బంగాళాదుంప పండించాలి. మైదానాలలో బఠానీ కాలం ముగిసిన తరువాత ఇక్కడి పంట చేతికి వస్తుంది కనుక దానికి మంచి ధర లభిస్తుంది.

నీరు కొద్ది, సాగుభూమి అంతకంటె కొద్ది. దానిని పంచుకుంటూ పోతే ఎవరికీ చాలదు. అందుచేత స్పితిలో భూమి జ్యేష్ఠపుత్రునికి సంక్రమించేది. తమ్ములలో పలువురు బౌద్ధ విహారాలలో భిక్షువులయ్యేవారు. అట్టి విహారాలలో తాబో ప్రసిద్ధమైనది. క్రీ.శ. 996లో వెలసిన ఆ కట్టడం మట్టిదే అయినా వెయ్యేళ్లకు పైగా నిలిచి ఉంది. వానలు అరుదు కావడం అందుకు ఒక కారణం.

నీరిచ్చే మంచే దారిని మూసేది. 3,978 మీటర్ల ఎత్తున ఉన్న రోహ్‌తాంగ్ కనుమ మంచుతో పూడిపోతే లాహౌల్‌కు కులూ వైపు దారి దాదాపు ఆరు నెలలు ఉండేది కాదు. ప్రాణాపాయంలో ఉన్న రోగికి హెలికాప్టరే దిక్కు. వాతావరణం అనుకూలించకపోతే అదీ రాదు. 2020 అక్టోబరు 3న 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం ప్రారంభమైన తరువాత ఈ దుఃస్థితి చాలావరకు తొలగింది. అయితే స్పితి వాసులకు ఆ మేలు పూర్తిగా అందలేదు. చలికాలంలో కుంజుమ్ కనుమ నేటికీ మూతపడుతుంది. అప్పుడు కిన్నౌర్ మీదుగా వచ్చే కొండదారే వారికి ఆధారం.

దారి కష్టం కొంత తీరుతుండగా నీటి చింత మొదలైంది. హిమాలయ హిమానీనదాలు వెనుకకు తగ్గుతున్నాయి. చలికాలంలో మంచు చాలినంత కురవకపోతే వేసవిలో కూల్ ఎండిపోతుంది. బఠానీ చేను వాడిపోతుంది. మరొకవైపు, అలవాటు లేని కుండపోత వానలు విరుచుకుపడుతున్నాయి. 2021 జూలైలో లాహౌల్‌లో సంభవించిన ఆకస్మిక వరద ప్రాణాలను బలిగొన్నది. ఇటువంటి వానలు పెరిగితే మట్టి ఇండ్లకూ, ప్రాచీన విహారాల గోడలకూ ముప్పు తప్పదు.

పూర్వం ఈ సీమవాసులు మంచు ఎప్పుడు తొలగుతుందా అని ఎదురుచూసేవారు. నేడు అది చాలినంత కురుస్తుందా అని కూడా ఎదురుచూస్తున్నారు. మంచు మూసిన దారికి బదులు మానవుడు సొరంగం తవ్వగలిగాడు. కాని ఆ మంచే కరవైతే, దానికి బదులు మరొకదానిని కల్పించుకోవడం అంత సులభం కాదు.